పడకపుండు రాకుండా: ఎయిర్ బెడ్ కొనాలా, పక్కకు తిప్పాలా, లేపి కూర్చోబెట్టాలా?

మా అమ్మ బాత్రూంలో జారిపడి తుంటి విరగ్గొట్టుకున్న రోజు, ఆపరేషన్ కంటే ముందే నేను చేసిన పని ఆస్పత్రి ఎదురుగా ఉన్న మెడికల్ షాపులో ఎయిర్ బెడ్ కొనడం. "పెద్దవాళ్లు మంచాన పడితే వీపంతా పుండ్లు పడతాయి, ముందే కొనెయ్" అని పక్క బెడ్ వాళ్లు చెప్పారు. మోటారును మంచం కాళ్లవైపు తగిలించి, బుడగలు ఒక్కొక్కటే ఉబ్బుతుంటే చూసి, ఒక పెద్ద పని అయిపోయిందనుకున్నాను. ఐదో రోజు సాయంత్రం అమ్మ కాళ్లు చల్లగా ఉన్నాయంటే మేజోళ్లు మార్చబోయాను. కుడి మడమ మీద రూపాయి బిళ్లంత మచ్చ, నేరేడుపండు రంగులో. వేలితో ముట్టుకుంటే లోపల నీరున్నట్టు మెత్తగా ఉంది. అమ్మకు నొప్పే తెలియలేదు.

ఐదు రోజులూ అమ్మ ఆ ఎయిర్ బెడ్ మీదే ఉంది. వీపు బాగానే ఉంది. ఆపరేషన్ అయిన కుడి కాలును మాత్రం మేమెవరం కదిలించలేదు, కదిలిస్తే లోపల వేసిన రాడ్డు ఊడిపోతుందేమోనని భయం. మర్నాడే కూర్చోబెట్టవచ్చని డాక్టరుగారు రౌండ్స్‌లో చెప్పారు, కేసు షీట్‌లో రాశారు కూడా. మాకు అర్థం కాలేదు, ఎవరూ లేపలేదు, మేమూ అడగలేదు.

తర్వాత రెండేళ్లకు మా మామయ్యకు పక్షవాతం వచ్చింది. ఆ ఇరవై రోజులు నేనే ఉన్నాను. అప్పుడు మాత్రం సిస్టర్లనూ ఫిజియోనూ విసిగించి మరీ నేర్చుకున్నాను. వాళ్లు చెప్పినదీ, తర్వాత చదివి తెలుసుకున్నదీ కలిపి రాస్తున్నాను. ఆస్పత్రిలో అటెండెంట్‌గా ఉన్నవాళ్లు "ఏది చేయాలి" అని తికమకపడే మూడు దారులు ఇవి: పరుపు మార్చడం, కొన్ని గంటలకోసారి పక్కకు తిప్పడం, వీలైనంత త్వరగా మంచం దింపడం. నా మొగ్గు మూడోదానివైపే. అయితే అది అందరికీ, అన్ని రోజులూ కుదరదు.

## ఎంచుకునే ముందు చూడాల్సినవి

పుండు పడేది ఎముకకూ పరుపుకూ మధ్య చర్మం నలిగే చోట. నడుము కింద పిరుదుల చీలిక మొదలయ్యే దగ్గర, మడమలు, తుంటి పక్కలు, చీలమండలు, మోచేతులు, తల వెనక. బరువు అక్కడే ఆగిపోతే సన్న రక్తనాళాలు మూసుకుపోతాయి, కండకు రక్తం అందదు. చాలాసార్లు లోపలి కండే ముందు చచ్చిపోతుంది, పైన మచ్చ తర్వాత కనిపిస్తుంది. అమ్మ మడమకు జరిగింది అదే. అందుకే 2016 నుంచి అమెరికాలోని నిపుణుల సంఘం దీన్ని ఒత్తిడి "పుండు" అనకుండా ఒత్తిడి "గాయం" అంటోంది. చర్మం పగలకముందే గాయం మొదలైపోతుంది మరి.

బరువు ఒక్కటే కాదు. మంచం తలవైపు పైకి లేపితే మనిషి మెల్లగా కిందికి జారతాడు. చర్మం దుప్పటికి అంటుకుని అక్కడే ఉంటుంది, లోపలి ఎముక మాత్రం జారుతుంది. ఈ రెండింటి మధ్య రక్తనాళాలు సాగిపోతాయి. దీనికి తోడు చెమట, మూత్రం తడి ఉంటే చర్మం నాని, గోరు తగిలినా లేచివస్తుంది.

కాబట్టి ఏ పద్ధతినైనా ఈ ప్రశ్నలతో తూచండి. ఒత్తిడిని నిజంగా తీసేస్తుందా, ఒకచోట తీసి ఇంకోచోట పెడుతుందా? జారుడు, తడి తగ్గుతాయా? దాన్ని చేయడానికి ఎన్ని చేతులు కావాలి, రాత్రి రెండింటికి కూడా కుదురుతుందా? బెడిసికొడితే ఏమవుతుంది?

ఇంకొక ప్రశ్న మనం అడగనే అడగం. చర్మం బాగుండి మనిషి మాత్రం మంచానికే అతుక్కుపోతే ఏం లాభం? 2007లో ఒక అధ్యయనంలో ఏ జబ్బూ లేని పెద్దవయసువాళ్లను పది రోజులు మంచం మీదే ఉంచితే, కాళ్లలోనే దాదాపు ఒక కిలో కండ తగ్గిపోయింది. వాళ్లు ఆరోగ్యవంతులు. ఆపరేషన్ అయి, జ్వరంతో, సగం తిండి తినేవాళ్ల సంగతి ఊహించుకోండి. కండ తగ్గితే తనంతట తాను ఒత్తిగిలలేడు. ఒత్తిగిలలేకపోతే పుండు. పరుపు ఎంత మంచిదైనా ఈ గొలుసును తెంచలేదు.

చాలా ఆస్పత్రుల్లో బ్రేడెన్ స్కేల్ అని ఒక లెక్క వాడతారు. ఆరు విషయాలకు మార్కులు వేస్తారు: స్పర్శ తెలియడం, తడి, మంచం దిగి తిరగడం, మంచంలో తనంతట కదలడం, తిండి, జారుడూ రాపిడీ. మొత్తం 23కి 18 గానీ అంతకన్నా తక్కువగానీ వస్తే ప్రమాదం ఉన్నట్టు. ఆరింట్లో రెండు కదలికకే పోయాయి, గమనించండి. మీ పేషెంటుకు ఎంత వేశారో సిస్టర్‌ను అడగండి. ఏ విషయంలో మార్కు తగ్గిందో అడగడం ఇంకా మంచిది.

## ఎయిర్ బెడ్: దాని పని ఎంతవరకు

మెడికల్ షాపులో దొరికేవి ముఖ్యంగా రెండు రకాలు. బుడగల పరుపు, గొట్టాల పరుపు. రెండింట్లోనూ మోటారు కొన్ని గదుల్లో గాలి నింపుతూ కొన్నింట్లో తీస్తూ ఉంటుంది, దాంతో ఒత్తిడి ఒకేచోట ఆగదు. బుడగలది చవక, పలచన. గొట్టాలది ఖరీదు, కొంచెం లావుగా ఉంటుంది, బరువున్న మనిషికి అదే నయం.

మంచి ఫోమ్ పరుపు కంటే ఇది ఎంత మెరుగు అన్న ప్రశ్నకు బ్రిటన్‌లో 2,029 మంది పేషెంట్లతో ఒక పెద్ద పరీక్ష చేశారు. ఫలితాలు 2019లో వచ్చాయి. కొత్త పుండ్లు గాలి పరుపు మీద 6.9 శాతం మందికి, మంచి ఫోమ్ మీద 8.9 శాతం మందికి పడ్డాయి. పరీక్ష చివరికి చూస్తే ఆ తేడా గట్టిగా నిలబడేది కాదని తేలింది. ఇక్కడ ఒక మెలిక ఉంది. వాళ్లు పోల్చింది మందపాటి, నాణ్యమైన ఫోమ్‌తో. మన వార్డుల్లో నడుము దగ్గర గుంటపడి, రెక్సిన్ చిట్లిన పరుపుతో పోలిస్తే ఎయిర్ బెడ్ తప్పకుండా మేలే. అందుకే కొనొద్దనను. కొని నిద్రపోవద్దంటాను.

వేసినవాళ్లు కూడా సగం మంది సరిగా వేయరు, నాతో సహా. పేషెంటు పడుకుని ఉన్నప్పుడు పిరుదుల కింద, ఎయిర్ బెడ్‌కు అడుగున అరచెయ్యి దూర్చి చూడండి. చేతికి ఎముక తగిలినట్టుంటే, మధ్యలో అంగుళం గాలి కూడా లేకపోతే, ఆ పరుపు ఉన్నా లేనట్టే. మోటారు మీద బరువు మీట ఉంటుంది, దాన్ని పేషెంటు బరువుకు తగ్గట్టు తిప్పాలి. పైన రబ్బరు షీట్, దాని మీద దుప్పటి, దాని మీద ఇంకో షీట్, మళ్లీ డైపరు ప్యాడ్ పరిచారనుకోండి, బుడగలు ఉబ్బినా ఒంటికి తెలియదు. ఒక్క పలచటి నూలు దుప్పటి చాలు. కరెంటు పోతే మోటారు ఆగుతుంది. ఇంటికి తెచ్చుకున్నవాళ్లు ఇది గుర్తుపెట్టుకోవాలి.

అన్నింటికన్నా నాకు ఆలస్యంగా తెలిసిన చిక్కు ఇంకోటి. మెత్తటి పరుపు మీద మోచెయ్యి ఆన్చి లేవడం కష్టం. కాస్తో కూస్తో తనంతట ఒత్తిగిలగలిగిన మనిషిని అందులో పడుకోబెడితే ఆ కొంచెమూ మానేస్తాడు. మంచం అంచున కూర్చోబెడితే అంచు కుంగి ముందుకు జారే ప్రమాదమూ ఉంది. లేవగలిగే మనిషికి గట్టి ఫోమ్ పరుపు, లేవలేని మనిషికి ఎయిర్ బెడ్. నా లెక్క ఇంతే.

మడమను మాత్రం ఏ పరుపూ కాపాడదు. దానికి దిండే దిక్కు.

## పక్కకు తిప్పడం: రెండు గంటల లెక్క

"రెండు గంటలకోసారి తిప్పండి" అని అందరూ చెబుతారు. అమెరికా, కెనడా నర్సింగ్ హోముల్లో 942 మంది మీద చేసి 2013లో ప్రకటించిన పరీక్షలో, మంచి ఫోమ్ పరుపు మీద ఉన్నవాళ్లను రెండు గంటలకు తిప్పినా, మూడుకు తిప్పినా, నాలుగుకు తిప్పినా పుండ్లలో తేడా రాలేదు. దీన్ని చదివి రాత్రంతా వదిలేయొద్దు. అక్కడ పరుపు మంచిది, రోజూ ఒళ్లు చూసే మనుషులున్నారు. ఇందులోంచి తీసుకోవాల్సింది ఏమిటంటే, గడియారం కన్నా చర్మం చెప్పేది వినాలి. రెండు గంటలకే ఎర్రబడుతుంటే గంటన్నరకు తిప్పాలి. ఏమీ లేకపోతే రాత్రిపూట మూడు గంటలు నిద్రపోనివ్వొచ్చా అని సిస్టర్‌ను అడగొచ్చు.

ఎన్నిసార్లు అన్నదానికన్నా ఎలా అన్నదే ముఖ్యం. పూర్తిగా పక్కకు తిప్పి తుంటి ఎముక మీద పడుకోబెడితే పుండు వీపు నుంచి తుంటికి మారుతుందంతే. కొంచెం, ముప్పై డిగ్రీలు వాలేటట్టు తిప్పి, భుజం నుంచి పిరుదు దాకా వీపు వెనక దిండు పెట్టాలి. మోకాళ్ల మధ్య ఇంకో దిండు. పిక్కల కింద పొడవునా ఒక దిండు, మడమ గాల్లో తేలేటట్టు. మడమకూ పరుపుకూ మధ్య కాగితం జరిపితే అడ్డం లేకుండా పోవాలి. మా మామయ్య దగ్గర నేను పాత నూలు చీరను నాలుగు మడతలు వేసి, భుజాల నుంచి తొడల దాకా ఒంటి కింద పరిచేవాడిని. ఇటు నేను, అటు వార్డు బాయ్ చీర అంచులు పట్టి ఎత్తేవాళ్లం. చంకల్లో చేతులేసి పైకి లాగితే వీపు చర్మం దుప్పటికి గీసుకుపోతుంది. పక్షవాతం ఉన్న భుజమైతే కీలు కూడా పాడవుతుంది.

ముక్కు పైపుతో పాలు, జావ పోసేటప్పుడు మంచం తలవైపు ముప్పై నుంచి నలభై ఐదు డిగ్రీలు లేపి ఉంచాల్సిందే, లేకపోతే ఊపిరితిత్తుల్లోకి పోయే ప్రమాదం. కానీ అలా లేపితే జారుడు మొదలవుతుంది. రెంటికీ మధ్య రాజీ ఏమిటంటే, ముందు మోకాళ్ల కింద కొంచెం ఎత్తు పెట్టి, తర్వాత తలవైపు లేపడం. తిండి అరిగేదాకా సిస్టర్ చెప్పినంతసేపు ఉంచి, మళ్లీ ముప్పై కిందికి దించడం.

తిప్పడంలోని బలహీనత మనిషే. పగలు బాగా నడుస్తుంది. రాత్రి రెండింటికి మంచం కింద చాప మీద పడుకున్న అటెండెంట్ లేవడు, లేచినా ఒక్కడివల్ల కాదు. ఎంత బాగా తిప్పినా పేషెంటు కాళ్లలోకి ఒక్క గ్రాము కండ కూడా రాదు.

## లేపి కూర్చోబెట్టడం, నిలబెట్టడం, నడిపించడం

మనవాళ్లకు మంచం అంటే విశ్రాంతి. "పాపం, కదపొద్దు, పడుకోనివ్వండి" అనేది ప్రేమతోనే. ఐరోపా, అమెరికా, పసిఫిక్ ప్రాంత నిపుణుల సంఘాలు కలిసి 2019లో ఇచ్చిన మార్గదర్శకాలు మాత్రం పేషెంటు తట్టుకోగలిగినంత వేగంగా కదలికను పెంచుకుంటూ పొమ్మంటాయి. బ్రిటన్‌లో తుంటి ఆపరేషన్ అయినవాళ్లను, వైద్యపరంగా అడ్డంకి లేకపోతే, మర్నాడే మంచం దింపాలన్నది నియమం.

దీన్ని ఒక్క పనిగా చూడకండి. ఇది మెట్లు. మంచంలోనే మోకాలు ముడిచి పిరుదు ఎత్తడం ఒక మెట్టు. మంచం అంచున కాళ్లు వేలాడేసి కూర్చోవడం రెండోది. కుర్చీ మూడోది. నిలబడటం, అక్కడికక్కడే అడుగులు వేయడం, వాకర్‌తో బాత్రూం దాకా వెళ్లడం ఆ తర్వాత.

మొదట ఒక పొరపాటు సరిచేసుకుందాం. మంచం తలవైపు అరవై డిగ్రీలు లేపి, వెనక మూడు దిండ్లు పెట్టి "కూర్చోబెట్టాం" అంటాం. అది కూర్చోవడం కాదు. బరువంతా నడుము కింద ఎముక మీదే పడి, పైగా జారుడు కూడా. పడకపుండుకు ఇంతకన్నా అనువైన భంగిమ లేదు. కాళ్లు కిందికి వేలాడి, పాదాలు నేలకు గానీ పీటకు గానీ ఆనితేనే కూర్చున్నట్టు.

మామయ్యకు ఫిజియో నేర్పిన తీరు ఇది. ముందు పక్కకు తిప్పడం. రెండు కాళ్లూ మంచం అంచు దాటించడం. కాళ్ల బరువు కిందికి లాగుతుంటే, ఆయన బాగున్న మోచెయ్యి పరుపుకు నొక్కి లేస్తారు, మనం భుజం వెనక నుంచి ఆసరా ఇస్తాం. లేవగానే నిలబెట్టకూడదు. రెండు మూడు నిమిషాలు కూర్చోనివ్వాలి. తల తిరుగుతోందా, కళ్లు చీకట్లు కమ్ముతున్నాయా, చెమట పడుతోందా అని అడుగుతూ ముఖమే చూడాలి. పడుకున్నప్పటికీ కూర్చున్నప్పటికీ పై బీపీ ఇరవై పాయింట్లు పడిపోతే ఆ పూటకు ఆపి మళ్లీ పడుకోబెట్టి సిస్టర్‌కు చెప్పాలి. మొదటిరోజు మామయ్య నాలుగు నిమిషాలు కూర్చున్నారు. నాలుగోరోజు ఇడ్లీ అక్కడే కూర్చుని తిన్నారు, ఎడమచేత్తో, సగం ఒళ్లో పోసుకుంటూ.

దీని లాభం పిరుదులకో వీపుకో పరిమితం కాదు. వీపు, మడమ, తల వెనక ఒక్కసారిగా ఒత్తిడి నుంచి బయటపడతాయి. ఊపిరి లోతుగా ఆడుతుంది, కఫం బయటికొస్తుంది. కమోడ్ కుర్చీ మీద కూర్చోగలిగితే బెడ్ ప్యాన్ పోతుంది, దాన్ని దూర్చి లాగేటప్పుడు గీసుకుపోయే బాధ పోతుంది. డైపరు తడి తగ్గుతుంది. ఒక్క కమోడ్ కుర్చీతో ఇన్ని తగ్గుతాయి కాబట్టే, డబ్బు ఒక్కదానికే ఉంటే ఎయిర్ బెడ్ కన్నా ముందు అది కొనమని తెలిసినవాళ్లకు చెబుతున్నాను. లేవగలిగే పేషెంటుకు మాత్రమే సుమా.

దీనికీ చీకటి కోణాలున్నాయి. కుర్చీలో కూర్చుంటే బరువంతా పిరుదుల కింది రెండు ఎముకల మీద పడుతుంది. పడుకున్నప్పటికన్నా అక్కడ ఒత్తిడి ఎక్కువ. "కూర్చోబెట్టాం కదా" అని మూడు గంటలు వదిలేస్తే పుండు చోటు మారుతుందంతే. పావుగంట, ఇరవై నిమిషాలతో మొదలుపెట్టి, రోజుకు మూడుసార్లు తిండి వేళలకు కూర్చోబెట్టి, మెల్లగా గంట దాకా పెంచడం నయం. కూర్చున్నప్పుడు పావుగంటకో అరగంటకో ముందుకు వంగడం, ఒకసారి ఇటు ఒకసారి అటు వాలడం చేయించాలి. కింద మెత్త ఉండాలి, వార్డులోని ప్లాస్టిక్ కుర్చీ ఒట్టిదే పనికిరాదు. తుంటి కీలు మార్చినవాళ్లను బాగా కిందికి ఉన్న కుర్చీలో కూర్చోబెట్టొద్దు, ఎంత ఎత్తు కావాలో సర్జన్‌ను అడగాలి.

త్వరగా అంటే దూకుడుగా అని కూడా కాదు. 2015లో వచ్చిన అవర్ట్ అనే పరీక్షలో పక్షవాతం వచ్చిన 2,104 మందిని చూశారు. మొదటి ఇరవైనాలుగు గంటల్లోనే లేపి, ఎక్కువసార్లు ఎక్కువసేపు కదిలించినవాళ్లు మూడు నెలల తర్వాత మామూలు పద్ధతిలో చూసినవాళ్లకన్నా కొంచెం వెనకబడ్డారు. వెంటిలేటర్ మీద ఉన్న 750 మందిపై 2022లో వచ్చిన ఇంకో పరీక్షలోనూ, మామూలుకన్నా గట్టిగా కదిలించడంవల్ల అదనపు లాభం కనిపించలేదు, గుండె లయ తప్పడంలాంటి ఇబ్బందులు పెరిగాయి. కొంచెంసేపు, పలుమార్లు, రోజుకో మెట్టు. అంతకుమించి హడావిడి వద్దు.

## పక్కపక్కన పెట్టి చూస్తే

| | ఎయిర్ బెడ్ | పక్కకు తిప్పడం | లేపి కూర్చోబెట్టడం, నడిపించడం |
|---|---|---|---|
| వీపు మీద ఒత్తిడి | తగ్గిస్తుంది, తీసేయదు | కాసేపు పూర్తిగా తీస్తుంది | ఆ సేపు పూర్తిగా తీస్తుంది |
| మడమ | కాపాడదు | దిండు పెడితేనే | ఆ సేపు కాపాడుతుంది |
| జారుడు, తడి | తేడా లేదు. కొన్నిసార్లు చెమట ఎక్కువ | ఎత్తి తిప్పితే తగ్గుతుంది, లాగితే పెరుగుతుంది | కమోడ్ దాకా వెళ్తే బాగా తగ్గుతుంది |
| కండ, ఊపిరి | ఏమీ లేదు | కొద్దిగా ఊపిరికి | రెండింటికీ |
| ఎన్ని చేతులు | అమర్చాక అవసరం లేదు | ఇద్దరు | మొదట ఇద్దరు, తర్వాత ఒకరు |
| రాత్రి | పనిచేస్తుంది | కష్టం | కుదరదు |
| బెడిసికొట్టేది | ధీమా. గాలి తక్కువైనా తెలియకపోవడం | తుంటి మీద పుండు, గీసుకుపోవడం | పడిపోవడం, బీపీ పడటం, కుర్చీలో అతిగా ఉంచడం |

రాత్రి వరుస చూడండి. పగలంతా లేపి కూర్చోబెట్టినా రాత్రి పది గంటలు మంచమే. అందుకే ఒకటి ఎంచుకుని మిగతావి వదిలేయడం కుదరదు. పగలు దేనికి ఎక్కువ ఓపిక ఖర్చు పెట్టాలన్నదే మీ ముందున్న ప్రశ్న.

## మీ పేషెంటు ఎవరు?

తుంటి, తొడ ఆపరేషన్ అయిన పెద్దవాళ్లు. మొదటి ఓటు లేపడానికే. నొప్పి మాత్ర వేసిన అరగంటా ముప్పావుగంట తర్వాత లేపితే సగం పని సులువు. నొప్పితో లేపి భయపెడితే రేపు లేవరు. ఆపరేషన్ కాలి మడమ కింద మొదటి గంట నుంచే గాలి ఆడాలి. ఆ కాలి మీద ఎంత బరువు మోపవచ్చో సర్జన్ నోటితో చెప్పించుకోండి.

పక్షవాతం. స్పర్శ తెలియని పక్క మీద ఎక్కువసేపు ఉంచొద్దు, వాళ్లు నొప్పని చెప్పలేరు. మొదటి రోజు తిప్పడం, తర్వాత డాక్టరు ఒప్పుకున్నాక మంచం అంచు, కొద్దికొద్దిగా. పడిపోయిన చెయ్యి పట్టుకుని లాగొద్దు.

ఐసీయూ. మీరు లోపల ఉండరు కాబట్టి ఎంపిక మీది కాదు. కానీ అడగొచ్చు: తిప్పుతున్నారా, ఫిజియో వస్తున్నారా, ఈరోజు మంచం అంచున కూర్చోబెట్టే వీలుందా? చూడటానికి పంపినప్పుడు ఆక్సిజన్ మాస్కు ఒరిసే ముక్కు దూలం, పైపు తాడు తగిలే చెవి వెనక ఒక్కసారి చూడండి. పుండ్లు అక్కడా పడతాయి.

వెన్నెముక దెబ్బ. ఇక్కడ మాత్రం నా మొగ్గు మారిపోతుంది. వెన్ను స్థిరంగా ఉందని సర్జన్ తేల్చేదాకా మీ చేతులతో తిప్పొద్దు, లేపొద్దు. శిక్షణ ఉన్నవాళ్లు తల, నడుము, కాళ్లు ఒక్క దుంగలా కలిపి తిప్పుతారు. పరుపు, తిప్పడం, రెండూ ఇక్కడే అతి ముఖ్యం.

షుగరు ఉన్నవాళ్లు, కాళ్లలో రక్తం సరిగా ఆడనివాళ్లు. మిగతా ఏం చేసినా రోజుకు రెండుసార్లు మేజోళ్లు విప్పి మడమలు చూడటం మానొద్దు. నేను మానాను కాబట్టి చెబుతున్నాను.

అటెండెంట్ ఒక్కరే ఉన్నచోట. తిప్పడం మీ ఒక్కరివల్ల సరిగా కాదు. ఎయిర్ బెడ్ వేయండి, మిగిలిన ఓపికంతా సిస్టర్, ఫిజియో, ఆయా ఉండే పగటి వేళల్లో కూర్చోబెట్టడానికి వాడండి. రాత్రి పూర్తిగా తిప్పలేకపోతే వీపు వెనక దిండు కొంచెం లాగడం, కాళ్ల కింది దిండు సర్దడం చేసినా మేలే.

ఛాతీనొప్పి, ఆగని ఆయాసం, పై బీపీ తొంభైకి దిగువ, ఆక్సిజన్ తొంభైకి దిగువ, కాలి పిక్క కొత్తగా వాచి నొప్పి, మత్తుగా మాటకు పలకకపోవడం, ఇంకా బిగించని విరిగిన ఎముక ఉంటే లేపొద్దు. ముందు డ్యూటీ డాక్టరుకు చెప్పాలి.

## డబ్బు, ఓపిక దండగ చేసేవి

మధ్యలో చిల్లు ఉన్న గాలి ట్యూబ్ మీద కూర్చోబెట్టొద్దు. చిల్లు చుట్టూ అంచు నొక్కుకుని మధ్యలో రక్తం ఆగిపోతుంది. మడమ కింద నీళ్లు నింపిన గ్లవ్ పెట్టడం కూడా అంతే, ఒత్తిడి అక్కడే ఉంటుంది. ఎర్రబడిన చోట నూనె రాసి మర్దన చేయడం మన అలవాటు, అది లోపల దెబ్బతిన్న కండను ఇంకా నలిపేస్తుంది. స్పిరిట్ రుద్దితే చర్మం ఎండిపోతుంది.

మన ఒంటి రంగుకు "ఎర్రబడటం" అన్న మాట కూడా సరిపోదు. చామనఛాయ, నలుపు ఒంట్లో ఎరుపు కనిపించకపోవచ్చు. చుట్టుపక్కలకన్నా ముదురుగా, ఊదాగా ఉందా, వెచ్చగా ఉందా, గట్టిపడిందా, మెత్తబడిందా అని చేత్తో చూడాలి. తెల్లగా ఉన్నవాళ్లలో అయితే వేలితో నొక్కి వదిలితే ఎరుపు పోయి మళ్లీ రావాలి. నొక్కినా పోకపోతే మొదటి దశ మొదలైనట్టే, ఆ వైపు మళ్లీ పడుకోబెట్టకుండా వెంటనే చెప్పాలి.

ఇక పథ్యం. ఆపరేషన్ అయిన మనిషికి పప్పు పెడితే చీము పడుతుందని మా అత్తయ్య అమ్మకు పది రోజులు చారన్నం, బ్రెడ్డు మీదే నడిపింది. పప్పుకూ చీముకూ సంబంధం లేదు. చర్మం, కండ నిలబడాలంటే మాంసకృత్తులు కావాలి. పుండు ప్రమాదం ఉండి నీరసించినవాళ్లకు కిలో బరువుకు దాదాపు 1.25 నుంచి 1.5 గ్రాములు రోజుకు అంటారు. యాభై కిలోల మనిషికి అరవై గ్రాములు దాటాలన్నమాట. గుడ్డులో ఆరు గ్రాములుంటుంది, గ్లాసు పాలలో ఇంచుమించు అంతే. చారన్నంలో లెక్కకు వచ్చేది ఏమీ లేదు. కిడ్నీ జబ్బు ఉంటే మాత్రం డాక్టరు చెప్పినంతే. తిండి లేకుండా లేపి నడిపిస్తే రెండోరోజుకే కాళ్లు వణుకుతాయి.

అమ్మ మడమ మానడానికి ఏడు వారాలు పట్టింది. తుంటి అంతకన్నా ముందే కుదురుకుంది. నడక ఆగింది మడమవల్లే.

రౌండ్స్‌కు డాక్టరుగారు వచ్చినప్పుడు నిమిషంన్నర కూడా దొరకదు. ప్రశ్నలు ముందే రాసి పెట్టుకోండి: ఈరోజు ఏ మెట్టు దాకా వెళ్లొచ్చు, మంచం అంచా, కుర్చీయా, నిలబడటమా? ఆ కాలి మీద బరువు మోపవచ్చా? యూరిన్ పైపు ఇంకా కావాలా, తీసేయొచ్చా? ఫిజియో ఎన్నింటికి వస్తారు? జవాబులు పెద్ద అక్షరాలతో ఒక కాగితం మీద రాసి, మంచం తలవైపు ప్లాస్టర్‌తో అంటించండి. దాని కిందే మడమలు చూసిన టైము, కూర్చోబెట్టిన టైము రాస్తూ పోండి. రాత్రి డ్యూటీకి వచ్చే సిస్టర్‌కైనా, తెల్లవారుజామున మిమ్మల్ని విడిపించడానికి బస్సు దిగి వచ్చే తమ్ముడికైనా ఆ కాగితమే చెబుతుంది.